చోటు మారిన దోషం

మెరీనా గాలికి నిలబడని జుట్టుపని చెన్నైలో చెల్లదు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వీచే గాలి ముందు క్రాపును వెనక్కి తోసి నుదుటి అంచును బట్టబయలు చేస్తుంది. దానికి తోడు ఉక్కపోత. చెమటకు తడిసిన జుట్టు పాయలు కడుతుంది, పాయల మధ్య మాడు కనిపిస్తుంది, ఆ మాడులోంచి వెంట్రుక ఏ వాలులో బయటికి వస్తోందో కూడా కనిపిస్తుంది. ఆరబెట్టి, దువ్వి, లైటు చూసుకుని తీసిన ఫోటోలో నిండుగా ఉన్న తల, ట్రిప్లికేన్‌లో బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి గుట్టు విప్పేస్తుంది.

అలా గుట్టు విప్పిన తలను మళ్ళీ ఆపరేషన్ చేసి దిద్దే విద్య ఒకటుంది. ఒకసారి జుట్టు నాటించుకుని, అది వికటించి, రెండోసారి బల్ల మీద పడుకున్న మనిషి నుదుటి మీద జరిగే పని. దీన్ని వైద్యం కింద కాకుండా కళ కింద చూడొచ్చా అని ఎవరైనా అడిగితే, చూడకుండా ఎలా ఉండగలమన్నది నా ఎదురుప్రశ్న. మొదటి సర్జన్‌కి ఖాళీ నుదురు దొరుకుతుంది, వెనక తల నిండా సరుకు దొరుకుతుంది. రెండో సర్జన్‌కి దొరికేది ఒకరు అప్పటికే ఖర్చుపెట్టేసిన తల. అందులో ఇంకొకరి రాత ఉంది, దాన్ని చెరపాలి. చెరిపిన జాడ మిగలకూడదు. పైగా ఆ రాతకు వాడిన సిరానే మళ్ళీ తీసి వాడుకోవాలి.

నుదుటి అంచును పట్టి చూసే కన్ను ఈ ఊరికి కొత్తేమీ కాదు. తెలుగు సినిమా దశాబ్దాల పాటు కోడంబాక్కం, వడపళని చుట్టూనే బతికింది; కృష్ణుడికైనా కీచకుడికైనా జుట్టు అక్కడే తయారయ్యేది. పలచటి నెట్ మీద ఒక్కో వెంట్రుకనీ ముడివేసి కట్టిన విగ్గును నుదుటికి గమ్‌తో అంటించి, ఆ అతుకు మీద రంగు పూసి కెమెరాను నమ్మించడం చిన్న విద్య కాదు. ఎన్.టి.రామారావుకీ, ఎం.జి.రామచంద్రన్‌కీ మేకప్ చేసిన పీతాంబరం లాంటివాళ్ళ పేర్లు టైటిల్స్‌లో చదివి మరిచిపోతాం గానీ, పాత సినిమా క్లోజప్ రాగానే నా చూపు ముందు ఆ అతుకు దగ్గరికే పోతుంది. ఎం.జి.ఆర్. తెర బయట తెల్లటి బొచ్చుటోపీ పెట్టేసుకున్నారు, జనం ఆ టోపీనే ఆయన తలగా ఆమోదించేశారు. రజనీకాంత్ దారి వేరు: తెర మీద జుట్టు, బయట బట్టతల, మధ్యలో దాపరికం లేదు. టోపీ కప్పేస్తుంది, బట్టతల ఒప్పేసుకుంటుంది. నాటిన జుట్టుకే చిక్కంతా. మొదటినుంచీ ఇక్కడే ఉన్నానని అది పొద్దుగూకులూ అందర్నీ నమ్మిస్తూ ఉండాలి.

ఈ విద్య చరిత్రంతా చోటు మార్పిడి చరిత్రే. 1794లో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' ఒక బొమ్మ అచ్చువేసింది. టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకున్న కవాస్జీ అనే బండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టిన వైనం అది. అప్పుడు నుదురు ఇచ్చింది, ఇప్పుడు పుచ్చుకుంటోంది. 1939లో జపాన్ వైద్యుడు షోజి ఒకుడా, కాలిన మచ్చల మీద జుట్టున్న చర్మపు చిన్న చిన్న బిళ్ళలు నాటి మొలిపించాడు. జపనీస్‌లో రాసిన ఆ పత్రం యుద్ధం గొడవలో బయటి ప్రపంచానికి అందలేదు. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెంట్రైక్ 1952లో మగవాళ్ళ బట్టతల మీద అదే పని మొదలుపెట్టి 1959లో ప్రకటించాడు. ఆయన తేల్చిన విషయం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. వెంట్రుక ఎక్కడికి వెళ్ళినా పుట్టింటి గుణం వదలదు. వెనక తలలో రాలని జాతి వెంట్రుకను తెచ్చి ముందు నాటితే, అక్కడి పాతవన్నీ రాలిపోయినా ఇది రాలదు. ఈ మొత్తం వ్యాపారం నిలబడింది ఆ ఒక్క మొండితనం మీదే.

సిద్ధాంతం గొప్పది, చేతిపని మోటు. నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళలో పదిహేను ఇరవై వెంట్రుకలు గుత్తిగా వచ్చేవి. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ఖాళీ చర్మం. ప్లాస్టిక్ బొమ్మ తలలో జుట్టు కుట్టినట్టుండేది. తల మీద వెంట్రుకలు అలా గుత్తులుగా మొలవవు. ఒంటరిగానో, జంటగానో, మూడు నాలుగు కలిసో చిన్న కుదుళ్ళుగా వస్తాయి. ఎన్నో ఏళ్ళుగా అందరి నెత్తి మీదా ఉన్న ఈ సంగతిని హెడింగ్టన్ అనే వైద్యుడు 1984లో మాడు చర్మాన్ని అడ్డంగా కోసి చూసి స్పష్టంగా రాశాడు. 1988 నుంచి టెక్సస్‌లో బాబీ లిమ్మర్ మైక్రోస్కోప్ కింద ఆ కుదుళ్ళను చెదరకుండా విడదీసి నాటాడు. 2002లో బెర్న్‌స్టీన్, రాస్‌మన్‌ల పత్రంతో వెనక తలలో చర్మాన్ని పట్టీగా కోయకుండా ఒక్కో కుదురునీ మిల్లీమీటరు పంచ్‌తో తీసే ఎఫ్‌యూఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఇప్పుడు చెన్నైలో ఆటో డ్రైవర్‌ని అడిగినా ఎఫ్‌యూఈ అంటే ఏమిటో చెప్పేస్తాడు. అయితే మధ్యకాలంలో, అంటే బిళ్ళలు పోయి కుదుళ్ళు ఇంకా పూర్తిగా రాని రోజుల్లో, ముక్కకి నాలుగైదు వెంట్రుకల చొప్పున నాటించుకున్నవాళ్ళు ఒక తరం ఉన్నారు. రిపేరుకు వచ్చేవాళ్ళలో వాళ్ళ తలలే నాకు ఎక్కువ ఆసక్తి.

అలాంటి తల ఒకటి దగ్గరగా చూశాను. నెల్లూరు జిల్లా మనిషి, రొయ్యల వ్యాపారం, నలభై అయిదు దాటాయి. ఇరవై ఆరేళ్ళప్పుడు పెళ్ళికి ముందు నాటించుకున్నాడు. నుదుటి మీద ఈ కణత నుంచి ఆ కణత దాకా స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక గీత. మగవాడి నుదుటి అంచు నడిమి బిందువు సాధారణంగా కనుబొమల మధ్యనుంచి 7 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈయనది 6 దగ్గరే ఆగిపోయింది. కుర్రవాడి నుదురు అడిగాడు, కుర్రవాడి నుదురు ఇచ్చారు. తర్వాత ఇరవై ఏళ్ళలో వెనక ఉన్న సొంత జుట్టు తన దారిన తాను వెళ్ళిపోయింది. గీత మాత్రం కదల్లేదు. ముందు కంచె ఉంది, వెనక తోట లేదు. "మాట్లాడేటప్పుడు ఎవురూ మొహం చూడరన్నా, ఇక్కడ చూస్తా ఉండారు" అని నుదురు చూపించాడు. అది ఫిర్యాదులా లేదు, ధర పడిపోయిన సరుకు గురించి చెప్పినట్టే చెప్పాడు.

ఆ గీతను చూస్తుంటే నాకు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు గుర్తొచ్చాడు. కావ్యదోషాలన్నీ అన్నిచోట్లా దోషాలు కావని ఆయన ధ్వన్యాలోకంలో తేల్చాడు. చెవికి గరుకుగా తగిలే శబ్దం శృంగారంలో తప్పు, రౌద్రంలో అదే ఒప్పు. అలాంటివి అనిత్యదోషాలు. వ్యాకరణం తప్పడం లాంటివి ఎక్కడున్నా తప్పే, అవి నిత్యదోషాలు. పదకొండో శతాబ్దపు కాశ్మీరీ క్షేమేంద్రుడు ఇంకో అడుగు వేసి, ఉండాల్సిన చోట ఉండటమే అందానికి ప్రాణమన్నాడు. మొలనూలు మెడకు చుట్టుకుంటే నగ మంచిదైనా నవ్వులపాలే. ఈ ఇద్దర్నీ చదివిన సర్జన్లు ఉన్నారో లేరో గానీ, రిపేరు చేసే చెయ్యికి మాత్రం వాళ్ళ సూత్రం తెలిసే ఉంటుంది. ఎందుకంటే నాలుగు వెంట్రుకల కుదురు చెడ్డ కుదురు కాదు. నుదుటి మొదటి వరసలో ఉన్నప్పుడే అది కర్కశం. రెండు సెంటీమీటర్లు వెనక్కి తీసుకెళ్ళి నాటితే అదే నిండుదనం. మొదటి సర్జన్ తెచ్చిన సరుకు మంచిదే. కూర్చోబెట్టిన చోటే చెడింది.

వాలు తప్పడం మాత్రం నిత్యదోషం. ముందు వరస వెంట్రుకలు చర్మానికి దాదాపు ఆనుకుని ముందుకు వాలి పుడతాయి. అందుకే దువ్వెన వాటిని వెనక్కి తిప్పినప్పుడు చిన్న వంపు వస్తుంది, మనం ముచ్చటపడేది ఆ వంపునే. ఈయన నుదుటి మీద నాటినవి నిటారుగా నిలబడ్డాయి. నిటారు వెంట్రుకను ఏ నూనె పెట్టినా పడుకోబెట్టలేం. అది ఎక్కడున్నా తప్పే, పీకి తీరాలి.

ఈయన తలను దిద్దే డాక్టరమ్మ మార్కర్ తీసుకుని మొదట గుర్తుపెట్టింది ఎక్కడ నాటాలో కాదు, ఏవి తీసెయ్యాలో. కొత్త కవి చేర్చుకుంటూ పోతాడు, పరిష్కర్త కొట్టేస్తూ మొదలుపెడతాడు. తిమ్మిరి సూదులు పడ్డాక, కళ్ళకు భూతద్దాలు తగిలించుకుని, పాత ముక్కల చుట్టూ సన్నటి పంచ్ తిప్పింది. పాత మచ్చలో ఇరుక్కున్న కుదురు తేలిగ్గా రాదు. చర్మం గట్టిబడి ఉంటుంది, లోపల వెంట్రుక ఏ వంపు తిరిగిందో పైకి తెలీదు, కొంచెం తొందరపడితే వేరు తెగుతుంది. ఆవిడ వేళ్ళు ఆగి ఆగి కదిలాయి. బయటికొచ్చిన ముక్కను చల్లటి సెలైన్ గిన్నెలో వేశారు. మిగిలిన చిన్న గుంటకు కుట్టు లేదు, దానంతట అదే పూడిపోతుంది.

పక్క బల్ల మీద అసలు వేడుక. ఇద్దరమ్మాయిలు మైక్రోస్కోప్‌లకు కళ్ళు ఆనించి, ఆ పాత ముక్కల్ని బ్లేడుతో చీల్చి వేరు చేస్తున్నారు. "ఒణ్ణు, రెండు, మూణు" అని అరవంలో గొణుక్కుంటూ ఒంటి వెంట్రుకలు ఒక గుడ్డ మీదికి, జంటలు ఇంకో గుడ్డ మీదికి. ఇరవై ఏళ్ళు గుంపులో నిలబడి నవ్వులపాలైన వెంట్రుక విడివడి దీపం కింద ఒంటరిగా పడుకుంటే, దాని నాజూకు అప్పుడు తెలిసింది. కింద తెల్లటి చిన్న ఉబ్బు, దాని మీద పలచటి కొవ్వు పొర, పైన నల్లటి దారం. ఆ పొర ఒలిచేస్తే బతకదు, ఎండితే బతకదు, పట్టకారుతో నొక్కితే బతకదు. ఒంట్లోంచి బయటికొచ్చాక గంట గంటకీ దాని ఆయువు తరుగుతూ ఉంటుంది కాబట్టి, ఇక్కడ ఆలోచించుకుంటూ కూర్చునే తీరిక లేదు. అయినా ఎవరిలోనూ హడావిడి లేదు. తమిళంలో లెక్క, తెలుగులో రోగి, ఇంగ్లీషులో ఫైలు. మద్రాసు మద్రాసే.

ఇక అంచు కట్టడం. గీత గీయడం ఎవరికైనా వస్తుంది. గీత లేదనిపించేలా కట్టడంలో ఉంది రసమంతా. పుట్టుకతో వచ్చిన నుదుటి అంచును దగ్గరగా చూడండి, అక్కడ గీతే ఉండదు. ముందు కొన్ని ఒంటరి వెంట్రుకలు దారి తప్పినట్టు నుదుటి మీదికి వచ్చి నిలబడతాయి, అవీ సన్నటివి. వాటి వెనక అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా పలచటి ఒంటి వెంట్రుకల నీడ. ఆ తర్వాతే జంటలు, ఆ వెనకే గుంపులు. చర్మం ఎక్కడ అయిపోయిందో, జుట్టు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. డాక్టరమ్మ ఆ నీడను కట్టడానికి కావాలని క్రమం తప్పింది. ఒకచోట కొద్దిగా ముందుకు, ఇంకోచోట లోపలికి, ఎడమ వైపు కుడికి అచ్చంగా నకలు కాకుండా. రెండు గుంటల మధ్య దూరం సమంగా వస్తుంటే చేతిని తనే పక్కకు జరుపుకుంటోంది. శిక్షణంతా సమంగా చేయమని నేర్పితే, ఆ శిక్షణను అదుపులో పెట్టుకుని అసమంగా చేయడం ఇంకో మెట్టు. శ్రుతి శుద్ధంగా పట్టగలిగినవాడే గమకంలో దాన్ని కదపగలడు.

కణతల దగ్గర వాలు మారిపోతుంది. అక్కడ వెంట్రుక చర్మం మీద పడుకునే పుడుతుంది, చెవి వైపు కిందికి. నుదుటి వాలు కణత వాలులోకి ఎలా ఒదుగుతుందో ఎవరి తలలో వాళ్ళదే. నడినెత్తిన సుడి ఉంటుంది కదా, అక్కడ నాటేవాడికి నిజంగా తల తిరుగుతుంది: ప్రతి గుంట దిక్కు దాని ముందు గుంట కంటే రవ్వంత తిరగాలి. రెండు సుడులుంటే ఇద్దరు పెళ్ళాలని మన వైపు సామెతగా అంటుంటారు. సర్జన్ పొరపాటున రెండోది సృష్టిస్తే ఆ పాపం ఎవరిదో మరి. డాక్టరమ్మ ఈయన సుడి జోలికి పోనేలేదు. అక్కడ పోస్తే ముందుకు చాలదు.

సరుకు చాలకపోవడమే రిపేరులో కథ నడిపించే బాధ. వెనక తలలో రాలని జుట్టు ఉండే మేర చిన్నది. దాన్నుంచి జీవితకాలంలో తీయగలిగే కుదుళ్ళు కొన్ని వేలే. తీసినచోట మళ్ళీ మొలవవు. మొదటాయన పట్టీ కోసి కుట్టిన మచ్చ చెవి నుంచి చెవి దాకా అడ్డంగా ఉంది. అప్పటి కోతలో ఎన్ని కుదుళ్ళు వృథా అయ్యాయో అడిగి లాభం లేదు. కాబట్టి గడ్డం సాయానికొచ్చింది. దవడ కింద, మెడ మీద మొలిచే వెంట్రుకలు బలంగా, మోటుగా ఉంటాయి. వాటిని నుదుటి అంచున పెడితే మళ్ళీ పాత కథే. నడి తలలో పలచటి జుట్టు మధ్య పొదిగితే ఒక్కోటీ రెండింటి పని చేస్తుంది. ఇక్కడా అదే న్యాయం, మోటుదనానికీ ఒక చోటుంది. కింద పెరగాల్సింది నెత్తికెక్కిందని ఆయన నవ్వాడు. తిమ్మిరి వల్ల నవ్వు సగమే వచ్చింది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆవిడ పిసినారితనం. ముందు భాగంలో కుదుళ్ళు ఒత్తుగా దట్టించాలని చెయ్యి తహతహలాడుతుంది. పాత మచ్చ ఉన్నచోట నెత్తురు ప్రసారం తక్కువ, ఒత్తుగా పెడితే ఆకలికి చచ్చిపోతాయి. అందుకే దూరదూరంగా పెట్టి, ముందు వరుసల్లో నీడ, వెనక కాస్త బరువు, మధ్యలో కన్ను తనే పూరించుకునే ఖాళీ వదిలింది. సొంత జుట్టులో సగం పోయేదాకా చూసేవాళ్ళు పోల్చుకోలేరని ఈ రంగంలో అంటారు. అంటే చూపు సగంతోనే సరిపెట్టుకుంటుందన్న మాట. చెప్పినదానికంటే చెప్పకుండా స్ఫురింపజేసింది ఎక్కువ ఉండాలన్న ధ్వని సిద్ధాంతానికి ఇంతకంటే కచ్చితమైన కొలత నాకెక్కడా దొరకలేదు. నుదుటి అంచును కిందికి కాక పైకి జరిపింది, రెండు మూలలూ కొంచెం లోపలికి తగ్గించింది. నలభై అయిదేళ్ళవాడికి నలభై అయిదేళ్ళ నుదురు ఇచ్చింది. క్షేమేంద్రుడు ఔచిత్యం చూడాల్సిన చోట్లలో దేశకాలాలతో పాటు అవస్థను కూడా ఎందుకు లెక్కపెట్టాడో ఆ రెండు మూలలు చెబుతాయి.

అందరి చేతా ఇది జరగదు. 2016లో ఇదే చెన్నైలో జుట్టు నాటించుకోబోయి ఒక కుర్రవాడు ప్రాణమే పోగొట్టుకున్నాడు. ఇలాంటి పనులు తగిన శిక్షణ ఉన్న వైద్యులే చేయాలని, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాయాల్సి వచ్చింది. రాయాల్సి రావడమే సిగ్గుచేటు. తక్కువ ధర బోర్డులు మాత్రం ఫ్లైఓవర్ల కింద ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

నాటిన రెండు మూడు వారాలకు ఆ వెంట్రుకలన్నీ రాలిపోతాయి. వేరు లోపలే ఉంటుంది, పైది ఊడుతుంది. ముందే చెప్పినా తలగడ మీద చూసి గుండె జారనివాడు ఉండడు, అందులోనూ ఒకసారి మోసపోయినవాడు. మూడు నాలుగు నెలలకు మొలక, ఏడాదికి నిండుదనం. ఇంత ఆలస్యంగా ఫలించే కళకు విమర్శకుడు కూడా ఓపికమంతుడై ఉండాలి. ఈయన విషయంలో ఆ విమర్శకుడు కావలిలో ఆయన చిన్నప్పటినుంచీ క్షవరం చేసే సెలూన్ యజమాని. ఇంట్లోవాళ్ళు ప్రేమతో చూస్తారు, బజార్లోవాళ్ళు ఒక్క క్షణం చూస్తారు. తడి తలను పైనుంచి, ట్యూబులైటు కింద, పాయ పాయగా ఎత్తి చూసేది అతనొక్కడే. నీళ్ళు చల్లి, దువ్వెనతో ముందు జుట్టు ఎత్తి చూశాడట. ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి మిషన్ అందుకున్నాడట. వెనక మచ్చలో నాటిన కొన్ని కుదుళ్ళు మొలిచాయి గానీ గీత పూర్తిగా మరుగుపడలేదు. అందుకని మిషన్‌కి నాలుగో నంబరు కంటే చిన్న దువ్వెన తగిలించవద్దని మాత్రం ఈయన చెప్పుకోవాల్సి వచ్చింది.